రైజ్ – రెయిజ్, మునుగు – ముంచు

ఆంగ్లంలో పైకి పోవుటను తెలిపే క్రియలు పెక్కు. వాటిలో మన పిల్లలను మిక్కిలి తికమక పెట్టేవి రెండు: రైజ్, రెయిజ్. మొదటిది అకర్మకం, రెండవది సకర్మకం. సూర్యుడు రైజ్ అవుతాడు. జెండాను మనం రెయిజ్ చేస్తాము. మొదటిదానికి కర్మతో పని లేదు. రెండవదానికి కర్మ లేనిదే వాక్యం నిలువదు. రూపాలలోనూ భేదముంది. రైజ్, రోజ్, రిజెన్ అని మొదటిది మారుతుంది. రెండవది రెయిజ్డ్ అని ఒకే తీరున నడుస్తుంది. తరగతి గదిలో ఇంతవరకు చెప్పి ముగిస్తాము. కాని చరిత్ర వ్రాసేటప్పుడు ఈ భేదానికి ఎంత బరువున్నదో తెలియాలంటే మా హైదరాబాదు పాతబస్తీ ఒడ్డునే పారే మూసీ నది కథ చూడాలి.

ముందుగా మాటల పుట్టుక. ఈ రెండూ ఒకే జెర్మానిక్ ధాతువు సంతతి. రైజ్ పాత ఇంగ్లీషు సొత్తు. రెయిజ్ స్కాండినేవియా నుండి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవారి నార్సు భాషా పదం. 'లేచునట్లు చేయు' అని దాని అర్థం. ఇంగ్లీషుకు సొంత ప్రేరణ రూపం లేకపోలేదు. అది నేటి రియర్. పిల్లలను, పశువులను పెంచుట అనే అర్థంలో నిలిచింది. జీతం హెచ్చితే బ్రిటిషువారు రైజ్ అంటారు, అమెరికనులు రెయిజ్ అంటారు. ఒకరి నోట జీతం పెరిగింది, ఇంకొకరి నోట జీతాన్ని పెంచారు.

తెలుగు ఈ భేదాన్ని ఇంకా ముచ్చటగా పాటిస్తుంది. లేచు – లేపు సరే. పెరుగు – పెంచు, మునుగు – ముంచు, తెగు – తెంచు, దిగు – దించు అనే వరుస చూడండి. చివర 'గు' ఉంటే పని దానంతట అది జరుగుతుంది. ఆ చోట 'ంచు' చేరగానే కర్త ఎవరన్న ప్రశ్న తలెత్తుతుంది. వరదను గురించి చెప్పేటప్పుడు మనకు కావలసిన క్రియలన్నీ దాదాపు ఈ వరుసలోనే ఉండడం గమనార్హం.

1908 సెప్టెంబరు 28న, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనలో, మూసీకి మహా వరద వచ్చింది. సుమారు పదిహేను వేలమంది మరణించారని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ కొట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ వద్ద, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలు పట్టుకొని నూరుమందికి పైగా ప్రాణాలు నిలుపుకొన్నారు.

పాతబస్తీ ఉర్దూలో ఆ వరద పేరు 'తుగ్యానీ'. అరబ్బీ మూలంలో ఆ పదానికి హద్దు మీరుట అని అర్థం. దౌర్జన్యమనే అర్థమూ ఉంది. అంటే ఇక్కడ నదే కర్త, నదే దోషి. తెలుగులో 'మూసీ పొంగింది, ఊరు మునిగింది' అంటాము. ఆ వాక్యంలో దోషి ఎవరూ లేరు. ఇది రైజ్ పద్ధతి.

1909లో నిజాం ప్రభుత్వం పిలువగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య మాత్రం నది పొంగిందని చెప్పి ఊరుకోలేదు. నీరు ఎక్కడెక్కడి నుండి వచ్చిందని లెక్క తీశారు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులుండగా, వాటిలో 221 తెగినట్లు తేలింది. అసాధారణ వర్షం ఒక కారణం; గొలుసుకట్టుగా ఒకదాని వెనుక ఒకటి తెగిన చెరువులు రెండవ కారణం. చెరువుకట్ట తనంతట తాను లేచినది కాదు, మనుష్యులు లేపినది. దానిని కాపాడవలసిన బాధ్యతా వారిదే. కాబట్టి 'కట్ట తెగింది' అనే అకర్మక వాక్యం వెనుక సకర్మకమైన కథ ఒకటి దాగి ఉంటుంది.

ఆయన సూచించిన నివారణోపాయమూ రెయిజ్ తరహాదే: నగరానికి ఎగువన ఆనకట్టలు లేపి వరదను అక్కడే పట్టి ఉంచడం. ఆ విధంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నాటితో మూసీ వ్యాకరణమే మారింది. ఇప్పుడు పైన గేట్లు ఎత్తుతారు, దిగువన నీటిమట్టం పెరుగుతుంది. రెయిజ్ కారణం, రైజ్ ఫలితం. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల నుండి వదిలిన నీటితో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో ప్రవేశించింది. చాదర్‌ఘాట్, మూసానగర్ ప్రాంతాల ఇళ్ళలోకీ వచ్చింది.

గేట్లు ఎత్తడం తప్పని నా అభిప్రాయం కాదు. ఆనకట్ట నిలవాలంటే ఎత్తక తప్పని ఘడియలుంటాయి. కాని 'బస్తీ మునిగింది' అని మాత్రమే వ్రాసి ఊరుకుంటే గేట్లు ఎప్పుడు ఎత్తారు, దిగువవారికి ఎంత ముందుగా చెప్పారు, నది ఒడిలో ఇళ్ళు ఎందుకు లేచాయి, వాటిని ఎవరు లేవనిచ్చారు అన్న ప్రశ్నలకు ఆ వాక్యంలో చోటే ఉండదు. మునిగినవారు మాత్రం ప్రతిసారీ పల్లపువారే, పేదవారే. చరిత్ర వ్రాసేవారు అకర్మక క్రియ వాడే ముందు దాని జోడు సకర్మకాన్ని ఒకసారి ఆ స్థానంలో పెట్టి చూడాలని నా మనవి. కర్త లేడని తేలితే అకర్మకమే ఉంచవచ్చు.

మిత్రులారా, మీ మీ ఊళ్ళలో చెరువు తెగడం గురించి, ఏరు పొంగడం గురించి పెద్దలు వాడే క్రియలు ఏవి? వాటిలో కర్తను చెప్పేవి ఎన్ని, దాచేవి ఎన్ని? తెలిసినవారు వ్రాస్తే సంతోషిస్తాను.