విశాఖ ఉక్కు కర్మాగారం - శక్తి పరిరక్షణ, సమాజసేవ

విశాఖ ఉక్కు కర్మాగారం ఆంధ్ర ప్రదేశ్ లోని విశాఖపట్నం నగరానికి నైఋతి దిశలో, గాజువాక సమీపాన ఉన్నది. దీనిని 1982లో స్థాపించబడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ నిర్వహిస్తున్నది. దేశంలో సముద్రతీరాన నిర్మించబడిన మొట్టమొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం ఇదే. వృథాగా పోయే వేడిని, వాయువులను తిరిగి వినియోగించుకొనడంలో ఇది ప్రసిద్ధి పొందినది. ఆ పొదుపు విధానాలు, పరిసర గ్రామాలకు ఈ సంస్థ అందించిన సేవలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

నేపథ్యం

"విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అనే నినాదంతో 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరా గాంధీ ఈ కర్మాగారాన్ని పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు దీనిని జాతికి అంకితం చేశారు.

నిర్మాణం కొరకు 64 గ్రామాల ప్రజలు ఇరవై వేల ఎకరాలకు పైగా భూమిని వదులుకొన్నారు. కనుక ఇక్కడ సమాజసేవ అనునది దాతృత్వం కంటె ఋణం తీర్చుకొనడమని చెప్పుట సమంజసం.

పొదుపు యొక్క ఆవశ్యకత

ఈ కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేవు. ముడి ఇనుము ప్రధానంగా బైలదిల్లా గనుల నుండి కొనుగోలు చేయవలసి ఉన్నది. కోకింగ్ బొగ్గులో అధికభాగం విదేశాల నుండి ఓడలలో వస్తుంది. ముడిసరుకు ధరలపై సంస్థకు అదుపు లేదు. కొన్న బొగ్గులోని శక్తిని ఎంతవరకు సద్వినియోగం చేయగలమన్నది మాత్రం సంస్థ చేతిలో ఉన్న విషయం.

శక్తి పరిరక్షణ విధానాలు

కోకు పొడి చల్లార్పు: కోకు బట్టీ నుండి వెలువడే కోకు సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వేడితో ఎర్రగా మండుతూ ఉంటుంది. పాత పద్ధతిలో దానిపై నీరు చల్లేవారు. వేడి అంతా ఆవిరిగా మారి ధూళితో సహా గాలిలో కలిసిపోయేది. ఇక్కడ నీటికి బదులు నత్రజని ప్రధానంగా గల జడవాయువును కోకు గుండా పంపుతారు. ఆ వాయువు వేడిని గ్రహించి బాయిలరుకు అందిస్తుంది, అక్కడ పుట్టిన ఆవిరితో టర్బైన్లు తిరుగుతాయి. దీనివలన నీరు ఆదా అవుతుంది, కాలుష్యం తగ్గుతుంది, కోకు నాణ్యత పెరుగుతుంది. దేశంలో ఈ విధానాన్ని మొదట చేపట్టిన కర్మాగారాలలో ఇది ఒకటి.

బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ఇక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లు. వాటి పైభాగం నుండి వాయువు అధిక పీడనంతో వెలువడుతుంది. ముందు ఆ పీడనంతో టర్బైన్లను త్రిప్పి విద్యుత్తు తీస్తారు. ఆ వాయువులో కార్బన్ మోనాక్సైడు ఉన్నందున అది విషపూరితమే అయినా, ఇంధనంగా పనికివస్తుంది. ఈ వాయువుతోను, కోకు బట్టీల వాయువుతోను నడిచే 120 మెగావాట్ల విద్యుత్కేంద్రం ఇక్కడ నిర్మించబడినది.

సింటర్ వేడి: సింటర్ చల్లబడునపుడు వచ్చే వేడిగాలి నుండి 20.6 మెగావాట్ల విద్యుదుత్పత్తికి జపాన్ సహకారంతో ఒక కేంద్రం ఏర్పడినది.

నిరంతర పోత: కరిగిన ఉక్కు మొత్తాన్ని నిరంతర పోత పద్ధతిలో బ్లూములుగా, బిల్లెట్లుగా మారుస్తారు. దిమ్మెలుగా పోసి మళ్ళీ వేడిచేయవలసిన పని తప్పుతుంది.

ఇంధన సామర్థ్య సంస్థ 2012లో ప్రారంభించిన పథకం క్రింద దేశంలోని పెద్ద ఉక్కు కర్మాగారాలన్నిటికీ శక్తి వినియోగంపై లక్ష్యాలు నిర్ణయించబడినవి. అంతకుముందు స్వచ్ఛందంగా ఉన్న పొదుపు అప్పటినుండి చట్టపరమైన బాధ్యత అయినది.

సమాజసేవ

నిర్వాసితుల కొరకు అగనంపూడి, వడ్లపూడి మొదలైన చోట్ల పునరావాస కాలనీలు వెలసినవి. నిర్వాసిత కుటుంబాలకు ఆర్-కార్డులు ఇచ్చి ఉద్యోగాలలో ప్రాధాన్యం కల్పించారు. అయితే కార్డు ఉన్నవారందరికీ ఉద్యోగాలు లభించలేదు. ఆ కోరిక తరం మారినా వినిపిస్తూనే ఉన్నది. ఈ కాలనీల పేద పిల్లల చదువుకై విశాఖ విమల విద్యాలయానికి సంస్థ ఆర్థిక సహాయం అందించింది. వైద్య శిబిరాలు, త్రాగునీటి వసతి, వృత్తి శిక్షణ ఇతర సేవలు.

కర్మాగారం, ఉక్కునగరం పరిసరాలలో విస్తారంగా మొక్కలు పెంచారు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానులో వీటిలో అనేక వృక్షాలు నేలకూలినవి.

2021లో కోవిడ్ రెండవ విజృంభణ సమయంలో ఉక్కు తయారీకి ఉద్దేశించిన ఆక్సిజన్ రోగులకు ప్రాణవాయువు అయినది. దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ఏడు ట్యాంకర్లను ఇక్కడే నింపుకొని ఏప్రిల్ 22న మహారాష్ట్రకు బయలుదేరినది.

సమస్యలు

2013 కంపెనీల చట్టం ప్రకారం సంస్థలు గత మూడు సంవత్సరాల సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. లాభం లేనపుడు ఆ నిర్బంధం ఉండదు. 2015-16 నుండి వరుసగా మూడేళ్ళు, ఆ తరువాత మరికొన్ని సంవత్సరాలు ఈ సంస్థ నష్టాలను చవిచూసినది.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సంస్థలోని వాటాల పూర్తి విక్రయానికి సూత్రప్రాయంగా అంగీకరించగా, కార్మికులు, నిర్వాసితులు ఆందోళన చేపట్టారు. 2024 సెప్టెంబరులో ఒక్క బ్లాస్ట్ ఫర్నేస్ మాత్రమే పనిచేసిన పరిస్థితి ఏర్పడినది. ఫర్నేస్ ఆగితే ఇనుముతో పాటు దాని వాయువు, ఆ వాయువుతో వచ్చే విద్యుత్తు కూడా ఆగుతాయి. అందుచేత పైన వివరించిన పొదుపు అంతా ఉత్పత్తి నిరాటంకంగా సాగినపుడే ఫలిస్తుంది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీని ప్రకటించింది.

ఇవి కూడా చూడండి

* విశాఖ ఉక్కు ఉద్యమం
* ఉక్కునగరం
* గాజువాక
* బైలదిల్లా