వరంగల్ వాగులు: నాలాలుగా మారిన తీరు, పునరుద్ధరణ

వరంగల్: ఓరుగల్లును ఏలిన కాకతీయులు వాగులకు అడ్డంగా కట్టలు పోసి గొలుసుకట్టు చెరువులను నిర్మించారు. ఎగువ చెరువు నిండగా మత్తడి దుంకిన నీరు వాగు వెంట దిగువ చెరువుకు చేరేది. వంకరలు తిరుగుతూ, గట్లు దాటి పక్క భూములలో పరచుకుంటూ సాగే వాగు వరద ఉద్ధృతిని తగ్గించేది. చెరువు ఆ నీటిని నిలుపుకొనేది.

నగరం విస్తరించిన కొద్దీ ఈ వాగులు నాలాలుగా మారాయి. హన్మకొండలోని నయీంనగర్ నాలా, వరంగల్ వైపు గల బొందివాగు ఇందుకు ఉదాహరణలు. వాగును నిటారు చేసినపుడు దారి పొడవు తగ్గి, వాలు పెరిగి, నీటి వేగం హెచ్చుతుంది. ఆక్రమణల వలన వెడల్పు కూడా తగ్గినచో, పట్టని నీరు ఇరుపక్కల కాలనీలను ముంచుతుంది.

2020 ఆగస్టు వరదలలో నగరంలోని పలు కాలనీలు నీట మునిగాయి. నాటి పురపాలక శాఖ మంత్రి శ్రీ కె. తారక రామారావు ఆగస్టు 18న ముంపు ప్రాంతాలలో పర్యటించి, నాలాలపై ఆక్రమణల తొలగింపునకు ఆదేశించారు. 2023 జూలైలో ముంపు పునరావృతమైంది. ఆ నెల 27న ఉదయంతో ముగిసిన 24 గంటలలో, ఉమ్మడి వరంగల్ జిల్లాకు చెందిన ములుగు ప్రాంతంలోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. 29న భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది.

2024లో నయీంనగర్ వద్ద పాత వంతెనను తొలగించి, కొత్త వంతెనతో పాటు నాలాకు ఇరువైపులా రక్షణ గోడల నిర్మాణం చేపట్టారు. అదే సంవత్సరం నవంబరులో పూడికతీత నిమిత్తం భద్రకాళి చెరువును ఖాళీ చేశారు.

విదేశాలలో ఈ విషయమై విశేష అనుభవం ఉన్నది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో సుమారు 166 కిలోమీటర్ల కిసిమ్మీ నదిని 1962-71 మధ్య 90 కిలోమీటర్ల కాలువగా నిటారు చేశారు. చిత్తడి నేలలు ఎండిపోయి పక్షులు, చేపలు తగ్గిపోగా, 1999లో కాలువను కొంత మేర పూడ్చి నదిని పాత వంకరలలోకి మళ్లించే పనులు ఆరంభమై 2021లో పూర్తయ్యాయి. నిటారు చేయుటకు పట్టిన కాలం తొమ్మిదేళ్లు కాగా, సరిదిద్దుటకు పట్టినది ఇరవై రెండేళ్లు.

ఇండ్ల నడుమ సాగే వరంగల్ నాలాలకు పాత వంకరలను తిరిగి ఇచ్చుట కష్టసాధ్యం. రక్షణ గోడలు నీటికి దారి చూపగలవే గాని వేగాన్ని తగ్గించలేవు. వరదను నిలుపవలసినది చెరువులే. కావున నాలా వెడల్పు, చెరువు పూర్తి నీటిమట్టం, మత్తడి మార్గం ఈ మూడింటి హద్దులను కలిపి కాపాడినపుడే పునరుద్ధరణ సార్థకమవుతుంది.