పటము మీది గీతయు, మన్నెపు కలతయు



పొలముగట్టు తగవు తీర్పబూనిన పెద్దమనిషి ముందుగా కొలతపటమును చూచును. పిమ్మట ఆ చేను దున్నువా రెవరో, నీ రెటునుండి పారునో విచారించును. దేశపటమును గూడ నట్లే చదువవలెనని నా మనవి. అందులకు శబరీ గోదావరుల సంగమమునకు చేరువనున్న రేకపల్లిసీమను దృష్టాంతముగా గైకొందును.

1860లో నిజాము ఆంగ్లేయుల కిచ్చిన యీ సీమ పిమ్మట మధ్యపరగణాలలో చేరెను. 1874లో భద్రాచలముతో గూడ మద్రాసు రాజధానిలోని మన గోదావరి జిల్లాకు మారెను. కొండలు కదలలేదు, శబరి దారి మార్చుకొనలేదు. కాని మునుపు గొడ్డలికి 4 అణాలుగా నుండిన పోడుపన్ను ఇంచుమించు మూడింతలయ్యెను. కొన్ని తావులలో పోడు కొట్టుటయే నిషేధింపబడెను. కచ్చేరీలోని పటమున మారినది గీత మాత్రమే. కోయల, కొండరెడ్ల యిండ్లలో మారినది కూటిదారి.

పొరుగున రంపలో అప్పటికే మనసులు కాగుచుండెను. ఇంటివాడుకకు కల్లు గీచుకొను హక్కు గుత్తదారుల పాలయ్యెను. మన్సబుదారు దానిపై చిగురుపన్ను మోపెను. పల్లపు వర్తకులు కోర్టు డిక్రీలు తెచ్చి కొండవారి పశువులను, ధాన్యమును జప్తు చేయించుచుండిరి. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియై క్రిందిసీమను పచ్చజేసెను గాని, ఆ కలిమి కొండ నెక్కలేదు. డెల్టాయు మన్యమును పటమున నొకే జిల్లా. బ్రతుకున రెండు లోకములు.

1879 మార్చిలో రంప తిరుగబడెను. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల ఠాణాను తగులబెట్టెను. ఆ యేటనే యలజడి రేకపల్లికిని ప్రాకెను. సైన్యముల నంపి యణచిన పిమ్మట ప్రభుత్వము మన్సబుదారును తొలగించి, అతని క్రింది ముఠాదారులతో నేరుగా నొడంబడిక చేసికొనెను. మునుపే విచారించియున్నచో ఎందరి ప్రాణములు దక్కియుండునో గదా! అయినను పాఠము నిలువలేదు. అడవి నిర్బంధములును, బాటపనుల వెట్టియు మన్యమును మరల మండించెను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు విశాఖజిల్లాలోని చింతపల్లి ఠాణాను ముట్టడించెను. అక్టోబరున గోదావరి వైపు అడ్డతీగలకు వచ్చెను. జిల్లాగీత ఆ కలత కడ్డుపడలేదు.

రేకపల్లి కథ అంతటితో ముగియలేదు. 1959లో భద్రాచలముతో గూడ ఖమ్మము జిల్లాకు పోయెను. 2014లో పోలవరము ముంపు నిమిత్తము ఆంధ్రప్రదేశమునకు మరలి వచ్చెను. భద్రాచల పట్టణము మాత్రము తెలంగాణమున నిలిచెను. ఈ మారు గీతవెంట వచ్చినది పన్ను కాదు, నీరు. ఊళ్లు విడువవలసినవారిలో పెక్కురు ఆ గొడ్డలిపన్ను కట్టినవారి సంతతియే.

కావున పెద్దలారా, సరిహద్దు మారెనని విన్నపుడు ఏ యూరు ఎటు చేరెనని యడిగి యూరకుండరాదు. ఎవరి పన్ను పెరిగెను? ఎవరి యడవి మూతపడెను? ఎవరి మొర వినువారు దూరమైరి? ఈ మూడు ప్రశ్నలకును బదులు దొరకిననే పటము చదివినట్లు.