పొద్దుగూకేలోపు ఒక గంట

డిసెంబరు, జనవరి నెలల్లో సిడ్నీలో రాత్రి ఎనిమిది ప్రాంతానికి గానీ పొద్దుగూకదు. ఐదింటికి ఆఫీసు వదిలినవాడు ఆరున్నరకల్లా సర్ఫ్‌బోర్డు చంకన పెట్టుకుని సముద్రంలో దిగొచ్చు. అప్పటికింకా గంటన్నర వెలుగు మిగిలే ఉంటుంది. మన ఊళ్ల నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఇది చూసి, ‘ఏం రాసిపెట్టి పుట్టారో’ అంటారు. సముద్రం సంగతి ఏమో గానీ, ఆ గంటన్నర మాత్రం ఎవరూ రాసిపెట్టింది కాదు. దాని కోసం రాతిపనివాళ్లు పనిముట్లు కింద పెట్టారు, ఒక పత్రికా సంపాదకుడు చట్టాన్ని కాదన్నాడు, పక్క రాష్ట్రాలు గడియారం ముల్లు దగ్గర తగువులాడుకున్నాయి. అందుకే ఈ దేశ చరిత్ర చెప్పమంటే నేను మ్యూజియం దగ్గర కాదు, బీచ్ దగ్గర మొదలుపెడతాను.

ముందు తీరిక మాట. 1856 ఏప్రిల్ 21న మెల్‌బోర్న్‌లో విశ్వవిద్యాలయ భవనాలు కడుతున్న రాతిపనివాళ్లు పని ఆపేసి పార్లమెంటు భవనం దాకా ఊరేగింపుగా నడిచారు. రోజుకు ఎనిమిది గంటలే పని చేస్తాం, కూలి మాత్రం తగ్గకూడదు అన్నది వాళ్ల పట్టు. గెలిచారు. అందరు కార్మికులకూ అది అందడానికి దశాబ్దాలు పట్టింది. వారానికి 40 గంటల పని అన్నది 1948 జనవరి 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చింది. దాంతో శనివారం కూడా చేతికొచ్చింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన రోజుల్లో నాకు సాయంత్రమంటే అమెరికా కాల్స్ మొదలయ్యే వేళ. ఇక్కడ ఐదు దాటాక మీటింగ్ పెడితే మేనేజరే ముందుగా క్షమాపణ అడుగుతాడు. ఆ మర్యాద వెనక ఆ రాతిపనివాళ్లున్నారు.

తీరిక దొరికినా సముద్రం దొరకలేదు. పగటిపూట జనం కంట పడేలా స్నానం చేయడం సిడ్నీలో నేరంగా ఉండేది. 1833 నాటి చట్టం సిడ్నీ కోవ్, డార్లింగ్ హార్బర్‌లలో ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా స్నానాన్ని నిషేధించింది. 1838లో ఆ నిషేధాన్ని ఇంకా విస్తరించారు. ఈనాడు మేం నీళ్లలో ఉండే వేళ సరిగ్గా ఆ నిషేధపు వేళే. తెల్లవారుజామునో చీకటి పడ్డాకో దిగాలి, లేదంటే కట్టిన స్నానపు కొలనులకు పోవాలి.

1902లో సిడ్నీలోని మ్యాన్లీలో విలియం గోచర్ అనే స్థానిక పత్రికా సంపాదకుడు, తన పత్రికలో ముందే ప్రకటించి మరీ పట్టపగలు సముద్రంలో దిగాడు. ఆయన మీద కేసు నడవలేదు. అప్పటికే చాటుమాటుగా దిగుతున్నవాళ్లు బోలెడంతమంది కాబట్టి ఘనతంతా ఆయనదే అనలేం. అయితే మరుసటి ఏడు, 1903లో, మెడ నుంచి మోకాలి దాకా ఒళ్లు కప్పుకోవాలన్న షరతుతో మ్యాన్లీ కౌన్సిల్ రోజంతా స్నానానికి ఒప్పుకుంది. 1907లో మగవాళ్లు కూడా నడుముకు స్కర్టు లాంటిది కట్టుకోవాలని కొందరు మేయర్లు అన్నారు. దానికి జవాబుగా బాండై, మ్యాన్లీ, కూజీ బీచ్‌లలో మగవాళ్లు ఆడవాళ్ల లంగాలు తొడుక్కొని ఊరేగారు. ఆ ప్రతిపాదన అంతటితో సరి.

జనం నీళ్లలో దిగితే మునిగేవాళ్లూ ఉంటారు. అదే 1907లో సర్ఫ్ లైఫ్ సేవింగ్ క్లబ్బులన్నీ కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. వాళ్లందరూ జీతం లేని స్వచ్ఛంద సేవకులు. 1938 ఫిబ్రవరి 6, ఆదివారం, బాండైలో వరసగా వచ్చిన పెద్ద కెరటాలు ఇసుకదిబ్బ మీద నిలబడ్డ జనాన్ని లోపలికి లాగేశాయి. సుమారు 250 మందిని కాపాడాల్సి వచ్చింది, ఐదుగురు చనిపోయారు. ఆ వేళకు క్లబ్బు సభ్యులు బీచ్ మీద పెద్ద సంఖ్యలో ఉండబట్టి గానీ, లెక్క చాలా పెద్దదయ్యేది.

కెరటం మీద స్వారీ చేయడం ఈ దేశానికి ఎవరు నేర్పారు? తెల్లవాళ్లు కాదు. 1890లలో మ్యాన్లీలో ఇళ్లలో పనిచేసే టామీ టన్నా అనే యువకుడు, ఇప్పటి వనువాటులోని టన్నా దీవి నుంచి వచ్చినవాడు, బోర్డు లేకుండా ఒంటితోనే కెరటం మీద జారుకుంటూ ఒడ్డుకొచ్చేవాడు. అతన్ని చూసి స్థానిక కుర్రాళ్లు నేర్చుకున్నారు. ఆ తర్వాత 1914–15 వేసవిలో హవాయి ఈతగాడు డ్యూక్ కహనమోకు వచ్చాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచినవాడు. మ్యాన్లీ పక్కనే ఉన్న ఫ్రెష్‌వాటర్ బీచ్‌లో షుగర్ పైన్ చెక్కతో తనే ఒక బోర్డు తయారు చేసుకుని దాని మీద నిలబడి వస్తుంటే ఊరు ఊరంతా ఒడ్డున చేరింది. ఇసబెల్ లెథమ్ అనే పదిహేనేళ్ల స్థానిక అమ్మాయిని తన బోర్డు మీద ఎక్కించుకుని కెరటాల మీద తీసుకొచ్చాడు కూడా. ఆ బోర్డును ఫ్రెష్‌వాటర్ క్లబ్బు ఇప్పటికీ భద్రంగా దాచుకుంది.

ఇక్కడే నాకు ముల్లులా గుచ్చుకునే సంగతి ఒకటుంది. డ్యూక్‌ను భుజాల మీద ఎత్తుకున్న ఆ దేశంలోనే, 1901 నాటి వలస నియంత్రణ చట్టం అమల్లో ఉంది. వచ్చిన మనిషి ఒంటి రంగు నచ్చకపోతే, అధికారి తనకు తోచిన ఐరోపా భాషలో డిక్టేషన్ చెప్పి, రాయలేదని వెనక్కి పంపొచ్చు. వైట్ ఆస్ట్రేలియా అనే ఆ విధానం చివరి ఆనవాళ్లు 1973లో గానీ పోలేదు. అతిథిగా వచ్చిన గోధుమరంగు మనిషికి చప్పట్లు, బతకడానికి వచ్చినవాడికి తలుపు మూత. ఈ నేలకు అసలు హక్కుదారులైన ఆదివాసులకు, న్యూ సౌత్ వేల్స్‌లోని మోరీ ఊళ్లో మునిసిపల్ ఈతకొలనులోకి కూడా ప్రవేశం ఉండేది కాదు. 1965లో ఆదివాసీ విద్యార్థి నాయకుడు చార్లెస్ పెర్కిన్స్, ఆయనతో బస్సులో వచ్చిన విద్యార్థులు ఆ నిషేధాన్ని బయటపెట్టాకే అది చర్చకు వచ్చింది.

ఇక గడియారం. వేసవిలో ముల్లును రెండు గంటలు ముందుకు జరపాలన్న ఆలోచన 1895లో పక్క దేశం న్యూజిలాండ్‌లో పుట్టింది. ఆ ఆలోచన చేసిన జార్జ్ హడ్సన్ పోస్టాఫీసు ఉద్యోగి. డ్యూటీ అయ్యాక పురుగులు పట్టి సేకరించడం ఆయన సరదా. దానికి వెలుగు కావాలి. నవ్వారు గానీ ఆలోచన చావలేదు. ఇక్కడ 1967లో టాస్మేనియాలో కరువొచ్చి జలాశయాలు అడుగంటితే, కరెంటు ఆదా కోసం అక్కడ గడియారం మార్చారు. 1971లో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా, క్వీన్స్‌లాండ్ కూడా కలిశాయి. క్వీన్స్‌లాండ్ ఏడాదికే మానేసింది. 1992లో జనాభిప్రాయం అడిగితే మళ్లీ వద్దంది. ఉష్ణమండలపు ఎండలో మగ్గేవాళ్లకు ఇంకో గంట ఎండ ఎందుకన్నది వాళ్ల వాదన. పరదాలు వెలిసిపోతాయి, ఆవులు తికమకపడతాయి అన్న జోకు మాత్రం వాళ్ల మీద శాశ్వతంగా మిగిలింది.

దీని ఫలితం చూడాలంటే రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న కూలంగాట్టా, ట్వీడ్ హెడ్స్ జంట ఊళ్లకు పోవాలి. స్నాపర్ రాక్స్ క్వీన్స్‌లాండ్‌లో ఉంది, కొండకొమ్ముకు అవతల డురన్‌బా బీచ్ న్యూ సౌత్ వేల్స్‌లో ఉంది. నడిచిపోయేంత దూరం. జనవరిలో ఇటువైపు గడియారం ఆరూముప్పావుకు పొద్దుగూకిందంటే, అటువైపు అదే పొద్దు ఏడూముప్పావుకు గూకుతుంది. ఆరింటికి కలుద్దామంటే, ‘ఏ ఆరు?’ అని అడగడం అక్కడివాళ్లకు అలవాటు.

సరే, ఇంత చరిత్ర నడిచి వచ్చిన ఆ గంటను ఎలా వాడుకుంటారు? మా అమ్మాయి ఇక్కడే పెరిగింది. వారం మధ్యలో ఏదో ఒక మధ్యాహ్నం నాకు మెసేజ్ పెడుతుంది: “నాన్నా, నార్‌ఈస్టర్ తగ్గేలా ఉంది, ఫెర్రీ దగ్గర ఉండు.” నార్‌ఈస్టర్ అంటే వేసవి మధ్యాహ్నాలు సముద్రం మీద నుంచి వీచే ఈశాన్య గాలి. ఎండకు నేల వేడెక్కే కొద్దీ అది పుంజుకుంటుంది, కెరటాల ముఖాన్ని చిందరవందర చేస్తుంది. పొద్దు వాలి నేల చల్లబడితే చాలా రోజులు అది మెత్తబడుతుంది. నీళ్లు నూనె పోసినట్టు నునుపెక్కుతాయి. సాయంత్రం సర్ఫింగ్ చేసేవాళ్లు కాచుకుని కూర్చునేది దీని కోసమే. గాలి తగ్గకపోతే దాన్ని కొండకొమ్ము అడ్డుకునే ఉత్తరపు మూలలకు పోతారు. దక్షిణపు గాలి విరుచుకుపడిన రోజున మ్యాన్లీ దక్షిణపు మూలే దిక్కు.

అమ్మాయి ఫోన్‌లో గాలి తర్వాత చూసేది కెరటం ఎత్తు, ఒక కెరటానికీ తర్వాతి కెరటానికీ మధ్య సెకన్లు. ఎత్తు ఒకటే అయినా సెకన్లు ఎక్కువున్న కెరటానికి బలం ఎక్కువ. ఆ తర్వాత ఆటుపోట్లు. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ఈ వారం సాయంత్రం కలిసొచ్చిన పోటు వచ్చే వారం అదే వేళకు ఉండదు. పూర్తి పోటులో కొన్ని బీచ్‌లలో కెరటం ఒడ్డు దాకా విరగదు, పూర్తి ఆటులో ఒక్కసారిగా ఇసుక మీద కుప్పకూలుతుంది. మధ్యస్థంగా ఉన్న వేళ పొద్దుతో కుదిరితే ఆ రోజు పండగే.

సర్క్యులర్ కీ నుంచి ఫెర్రీలో మ్యాన్లీ అరగంట. స్నేహితురాలి గ్యారేజీలో ఉన్న బోర్డు తీసి, మైనం ముద్దతో దాని పైభాగమంతా గుండ్రంగా రుద్ది, కాలికి తాడు కట్టుకుని అమ్మాయి నీళ్లలోకి పోతుంది. నేను మోకాళ్ల లోతు మనిషిని. ఒడ్డున కూర్చుని చూస్తే అర్థమయ్యే విషయం ఒకటుంది: ఇది తూర్పు తీరం. విశాఖలో లాగే సూర్యుడు సముద్రంలో పుట్టి ఊరి వెనక గూకుతాడు. అస్తమయానికి చాలా ముందే ఒడ్డున ఉన్న నార్ఫోక్ పైన్ చెట్ల నీడ ఇసుకంతా పరుచుకుంటుంది. లోపల బోర్డుల మీద కూర్చున్నవాళ్లు ఎర్రబడ్డ ఆకాశాన్ని చూడాలంటే సముద్రానికి వీపు తిప్పాలి. సూర్యుడు నీళ్లలో మునగడం చూడాలంటే పెర్త్ పోవాలి. అది మన హిందూ మహాసముద్రమే. అక్కడివాళ్లు నాలుగుసార్లు ఓటేసి, చివరిసారి 2009లో, గడియారం మార్చేది లేదన్నారు.

బీచ్ అందరిదీ అని ఇక్కడ గర్వంగా చెప్పుకుంటారు. కానీ 2005 డిసెంబరు 11న సిడ్నీలోనే ఉన్న క్రొనల్లా బీచ్‌లో వేలమంది గుమిగూడి, అరబ్బుల్లా కనిపించినవాళ్ల మీద పడి కొట్టారు. అందుకే ఆ మాటను నేను పూర్తయిన చరిత్రగా చెప్పను. అయినా ఈనాడు మ్యాన్లీ ఇసుక మీద మన భాష వినిపిస్తోంది, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కెరటాలకు ఎదురు నిలబడే అత్తయ్యలు కనిపిస్తున్నారు. సంపాదకుడు చట్టం మీరి తెచ్చుకున్న హక్కు మనదాకా వచ్చిందన్నమాట.

చివరగా, పిల్లల్ని చదువుకు ఇక్కడికి పంపుతున్న తల్లిదండ్రులకు ఒక మాట. 1967 డిసెంబరు 17న ఈ దేశ ప్రధానమంత్రి హెరాల్డ్ హోల్ట్ విక్టోరియాలోని చెవియట్ బీచ్‌లో ఈతకు దిగి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. బాగా ఈత వచ్చినవాడే. మన పిల్లల్లో చాలామందికి ఈత రాదు, ఇక్కడి నీళ్ల నైజం తెలియదు. ఇలాంటి విషాద వార్తలు ఇక్కడి నుంచి మన ఊళ్లకు చేరుతూనే ఉన్నాయి. సూట్‌కేసులో పచ్చళ్లతో పాటు ఈ నాలుగు మాటలు కూడా పెట్టి పంపండి. ముందు మునిసిపల్ కొలనులో ఈత నేర్చుకోమనండి. సముద్రంలో ఎరుపు–పసుపు జెండాల మధ్యే దిగమనండి. బోర్డు నేర్చుకోవాలంటే శిక్షకుడితో వెళ్లమనండి, బోర్డులకు జెండాల మధ్య అనుమతి లేదు. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే దానికి ఎదురీదకుండా తేలుతూ చెయ్యెత్తి పిలవమనండి. మసక వేళ షార్కులు తిరుగుతాయి, పొద్దుగూకేలోపే బయటికి రమ్మనండి. అన్నిటికన్నా ముఖ్యం: వేసవిలో వెలుగు ఎనిమిది దాకా ఉంటుంది గానీ, చాలా బీచ్‌లలో లైఫ్‌గార్డులు అంతకు ముందే జెండాలు తీసేసి ఇంటికి వెళ్లిపోతారు.