బాలల హ్రస్వదృష్టి: అట్రోపిన్ చుక్కల చరిత్ర

పిల్లల హ్రస్వదృష్టికి వేయు అట్రోపిన్ చుక్కల వైద్యము 2012లో సింగపూరున పుట్టినదనియు, అచట తేలిన 0.01 శాతపు మందే తిరుగులేని ఉపాయమనియు మన పట్టణములలో వినవచ్చు మాట చరిత్రకు నిలువదు. 1833 నాటికే జర్మను రసాయనజ్ఞులు బెల్లడోనా మొక్కనుండి ఈ ద్రవ్యమును శుద్ధరూపమున వేరుచేసిరి. నల్లగొండ, పాలమూరు చెలకల గట్లపై మొలచు ఉమ్మెత్తయు ఆ కుటుంబములోనిదే. దగ్గరి చదువుచే కంటి కండరము బిగిసి చూపు కురుచయగునని తలచిన 19వ శతాబ్ది యూరపు వైద్యులు ఆ బిగువు సడలుటకై అట్రోపిన్‌ను వాడిరి. ఈ తలంపు చాలదని 1993 నాటి ప్రయోగములు చూపినవి: చూపు కుదుర్చు కండరముపై అట్రోపిన్ పనిచేయని కోడిపిల్లలలో సైతము కంటిగ్రుడ్డు సాగుట తగ్గెను.

2006లో ప్రకటితమైన సింగపూరు పరీక్షలో 1 శాతపు మందు అద్దముల నంబరు పెరుగుదలను బాగుగా అరికట్టెను. కాని కనుపాప విప్పారుటచే ఎండ ఓర్వరానిదగును, ఒడిలోని పుస్తకపుటక్షరములు అలుకుకొనిపోవును. మందు మానగానే నంబరు వేగముగా పెరిగెను. 2012 పరీక్షలో 0.01 శాతమునకు ఈ బాధలు స్వల్పమగుట నిజముగా గొప్ప లాభమే. అయితే అందు మందులేని ఉత్తచుక్కలు పొందిన వర్గము లేక, పూర్వపరీక్షలోని బాలలతో పోల్చవలసివచ్చెను. 2019లో హాంకాంగు వైద్యులు 438 మందిని నాలుగు వర్గములుగా విభజించి చూడగా, ఏడాదిలో 0.05 శాతపు వర్గమున 0.27, 0.01 శాతపు వర్గమున 0.59, ఉత్తచుక్కల వర్గమున 0.81 డయాప్టర్ల మేర హ్రస్వదృష్టి పెరిగెను; కంటి నిడివి విషయమున మాత్రము చివరి రెంటికిని గణింపదగిన భేదము తేలలేదు. 2021 నాటి భారతీయ పరీక్షలో 0.01 శాతము నంబరు పెరుగుదలను కొంత తగ్గించిన మాట నిజమే; 2023 నాటి అమెరికా పరీక్షలో ఆ మేలు కానరాలేదు.

ఇక పాలమూరు, అనగా మహబూబ్‌నగర్, సంగతి. మహబూబ్‌నగర్ గ్రామములలో 7 మొదలు 15 ఏండ్ల వరకు గల 4,074 మంది బాలలను పరీక్షించి 2002లో ప్రకటించిన పరిశీలనలో చుక్కలకు వేరొక పని యుండెను: పిల్లల కన్ను బిగబట్టి చూచుటచే నంబరు తప్పుగా తేలకుండ, సైక్లోపెంటొలేట్ అను మందు వేసి కండరమును సడలించి కొలిచిరి. హ్రస్వదృష్టి 4.1 శాతము మందిలో తేలెను. అద్దములు లేక చూపు మందగించినవారు 2.7 శాతము, ఎప్పటివలె తాము ధరించువానితో చూచినను 2.6 శాతము, సరియైన అద్దములు పెట్టగా 0.78 శాతము. అనగా అద్దములు కావలసిన బిడ్డలలో అధికుల ముఖములపై అద్దములే లేవన్నమాట. ఆ లెక్క పాతికేండ్ల నాటిది గావున నేటికి యథాతథముగ అన్వయింపరాదు. అయినను మొదట అద్దములు, పిదపనే చుక్కలు అను క్రమము మారలేదు.

తెలంగాణలో 2018లో మొదలైన కంటివెలుగు పథకము ఉచితముగ అద్దములు పంచుట కొనియాడదగినదే. కాని బడిపిల్ల నంబరు ఏటేట మారును, శిబిరము ఒకనాటిది. చుక్కలు పెరుగుదలను మందగింపజేయునేగాని నల్లబల్లపై అక్షరమును స్పష్టము చేయవు. కావున మొదట సరిగా కొలిచిన అద్దములు, ప్రతియేట మరల పరీక్ష, పగటివెలుతురున ఆట. పిదప, నంబరు వేగముగా పెరుగు బిడ్డకు, నిపుణుల పర్యవేక్షణలో తగిన మోతాదున చుక్కలు. ఈ వరుస తలక్రిందులైనచో, నెలనెల సీసా కొనగల ఇంటికే వైద్యము పరిమితమగును.