ద్రాక్షతోటల ఊరికి వెళ్లేముందు

అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి వచ్చే మార్చిలో మమ్మల్ని అర్జెంటీనా తీసుకెళ్తానంది. మెండోసా అనే ఊరట. చుట్టూ ద్రాక్షతోటలు, వెనకాల ఆండీస్ మంచుకొండలు. పంపిన ప్లాన్ చూస్తే మూడు రోజులూ వైన్ తయారుచేసే చోట్లే! తాగనిదాన్ని, నాకక్కడేం పని? "కొండలు చూద్దువుగానిలే అమ్మా" అంది. కొండల కోసం అంత డబ్బెందుకని, అసలా ఊరి కథేమిటో చదవడం మొదలుపెట్టాను.

మొదట ఆశ్చర్యపోయింది అదొక ఎడారి అని తెలిసి. పసిఫిక్ మీంచి వచ్చే మబ్బులు కొండలకు అవతల చిలీ వైపే కురిసేస్తాయి. ఇవతల మెండోసాలో ఏడాది మొత్తానికి పడేది దాదాపు 200 మిల్లీమీటర్లు. మన దగ్గర ఒక్క వాయుగుండం పడితే రెండు రోజుల్లో అంత వాన చూస్తాం. మరి ఆ తోటలెలా బతుకుతున్నాయి? కొండల మీది మంచు కరిగి వచ్చే నదినీళ్లతో.

ఆ నీళ్లను కాలువలు తవ్వి పొలాలకు మళ్లించింది హువార్పే అనే అక్కడి మూలవాసులు. 1561లో స్పెయిన్ వాళ్లు వచ్చి ఊరు కట్టే నాటికే ఆ కాలువలున్నాయి. వాటి మీదే ఊరు నిలబడింది. తర్వాత ఆ హువార్పేలనే వెట్టిచాకిరికి కొండలు దాటించి చిలీకి తోలుకుపోయారు. చాలామంది తిరిగి రాలేదు. ఇది చదివిన రోజు వంట మీద ధ్యాస నిలవలేదు నాకు.

ఆ కాలువల్ని అక్కడ అసెకియా అంటారు. అరబ్బీ నుంచి స్పానిష్‌లోకి చేరిన మాట. నీళ్లతో పాటు మాటలూ ఎంత దూరం పారతాయో చూడండి! 1861 మార్చి 20న వచ్చిన భూకంపంలో ఊరు నేలమట్టమైంది, వేలమంది పోయారు. మళ్లీ కట్టేటప్పుడు వీధులు బాగా వెడల్పుగా, మధ్యలో పెద్ద మైదానం, దాని చుట్టూ నాలుగు చిన్నవి ఉండేలా వేశారు. ఇప్పటికీ వీధుల పక్కన పిల్లకాలువలు పారుతుంటాయి, చెట్లు ఆ నీళ్లతోనే బతుకుతాయి.

ఇక వైన్ సంగతి. 1853లో పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడు అక్కడ నర్సరీ పెట్టి ఫ్రాన్స్ తీగలు నాటించాడు. ఇవాళ ఆ ఊరికి పేరు తెచ్చిన మాల్బెక్ వాటిలో ఒకటి. 1885లో రైలొచ్చింది, ఇటలీ, స్పెయిన్‌ల నుంచి వలసలు పెరిగాయి, తోటలు విస్తరించాయి. దానికి ముందు ఏడాదే నీళ్ల చట్టం చేశారు. నీటి హక్కు భూమికే ముడిపడి ఉంటుంది. వంతుల ప్రకారం తూము తీసే మనిషి ఒకడుంటాడు, తొమేరో అంటారు. అచ్చం మా తెలంగాణ చెరువుల కింద నీరటిలాగే!

అయితే నీళ్లు పైన వాడుకుంటే కిందివాళ్ల గతేమిటి? మెండోసాకు ఈశాన్యాన లవాయ్యే ప్రాంతంలో గువనకాచే మడుగులుండేవి. హువార్పేలు రెల్లు పడవల మీద చేపలు పట్టుకునేవారు. పైన నదినీళ్లు తోటలకు మళ్లేకొద్దీ మడుగులు ఎండుతూ వచ్చాయి. హువార్పేల వారసులు ఇప్పటికీ ఆ ఇసుకలోనే మేకలు మేపుకుంటున్నారు.

అమ్మాయికి ఫోన్ చేసి, ఒకరోజు తోటలు మానేసి లవాయ్యే వెళ్దామన్నాను.

"అక్కడ చూడ్డానికేముందమ్మా?"

"నీ గ్లాసులోకి వచ్చిన నీళ్లు అక్కడివేనే."

కాసేపు మాట్లాడలేదు. కారు దొరుకుతుందేమో చూస్తానంది. మా ఆయన పక్కనుంచి "ఒక్క తోటైనా ఉంచవోయ్" అన్నారు. ఉంచాను. మార్చి మొదట్లో ద్రాక్షకోత పండుగ ఉంటుంది, 1936 నుంచి చేస్తున్నారు. ఆ జనంలో రూములకు తిప్పలు పడలేం కాబట్టి, ఆ వారం దాటాకే టికెట్లు చూడమన్నాను.