ముందు పార్వతీపురము, తరువాత బొబ్బిలి

దుర్గు స్టేషనులో విశాఖ రైలెక్కిన తెలుగువాడు రాయపురము దాటి, మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడల మీదుగా కొండలు దిగి స్వసీమ చేరునప్పటికి మొదట ఎదురగునది పార్వతీపురము, అటుపిమ్మట బొబ్బిలి. ఉత్తరాంధ్రమునుండి వలసవచ్చి, భిలాయి ఉక్కు కర్మాగారమును నమ్ముకొని, సెక్టారు క్వార్టర్లలో పిల్లలను పెంచి, పండుగలకు సొంతవూరు పోవు కుటుంబములకు ఈ రెండును మూటలు సర్దుకొనవలసిన వేళను తెలుపు స్టేషన్లు మాత్రమే. నాకు మాత్రము అవి రాష్ట్రపతిగా పనిచేసిన వరాహగిరి వేంకటగిరి గారి జీవితమునందలి రెండు అధ్యాయములు. అందును రైలు వాటిని వెనుకనుండి ముందునకు చదివించును. 1957 నాటి ఓటమి ముందు, 1937 నాటి గెలుపు తరువాత.

1957 ఎన్నికలనాడు పార్వతీపురము ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గము. ఒక స్థానము షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినది, రెండవది సామాన్యము. ఓట్లు లెక్కింపగా బి. సత్యనారాయణ, డిప్పల సూరిదొర అను గిరిజన అభ్యర్థు లిరువురే అగ్రస్థానములందు నిలిచిరి. 1,24,039 ఓట్లు పొందిన గిరి గారు సూరిదొరకంటె 565 ఓట్లు మాత్రమే వెనుకబడిరి. ప్రత్యేక స్థానమునకై నిలిచినవాడు సామాన్య స్థానమునెట్లు పొందునని ఆయన వేసిన వ్యాజ్యము సుప్రీంకోర్టుదాక పోయి, గిరిజనుడైన కారణమున ఎవ్వడును సామాన్య స్థానమునకు అనర్హుడు కాడన్న తీర్పుతో 1959లో ముగిసెను. పేరుమోసిన నాయకుని వాదము వీగిపోగా, ఏజెన్సీ మన్యమునందలి అభ్యర్థి హక్కు స్థిరపడెను. ఆయన కోరకయే ఆయన వ్యాజ్యము చేసిపెట్టిన మేలు ఇదియని నా కనిపించును.

బొబ్బిలి కథ వేరు. 1937 ఎన్నికలలో అచ్చట ఆయనకు ప్రత్యర్థి సాక్షాత్తు బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు గారు. జస్టిస్ పార్టీ నాయకుడు, నాటి మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి, ఆ గడ్డకు జమీందారు. జమీందారును ఆయన సొంత గడ్డపైననే ఓడించి గిరి గారు రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలను చేపట్టిరి.

ఇంతటి సాహసము ఆయనకు ఇంటనే అబ్బినది. 1894 ఆగస్టు 10న బరంపురమున జన్మించిన ఆయనకు తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది, రాజకీయ కార్యకర్త. తల్లి సుభద్రమ్మ మద్యనిషేధోద్యమమునకు నాయకత్వము వహించి అరెస్టయిన ఇల్లాలు. 1913లో న్యాయశాస్త్రాభ్యాసమునకై ఆయన లండను గాక డబ్లినుకు పోవుట మన చరిత్రకు కలిసివచ్చిన సంగతి. ఏలయన, ఆ యేడే ఆ నగరమున యజమానులు వేలాది కార్మికులను పనినుండి వెలివేసి నెలల తరబడి లాకౌటు సాగించుటయు, జేమ్స్ కానొలీ వంటి కార్మికనేతలు జాతీయోద్యమమును శ్రామికోద్యమమును ఒక్కటిగా నడపుటయు, 1916 ఈస్టరు తిరుగుబాటు పిమ్మట ఆయన చదివిన కళాశాలయందలి అధ్యాపకుడు థామస్ మాక్డొనాను ప్రభుత్వము కాల్చి చంపుటయు ఆ యువకుని కన్నులయెదుట జరిగినవి. తిరుగుబాటుదారులతో సంబంధము కలదన్న అనుమానముపై ఆయనకు దేశము విడిచిపొమ్మని తాఖీదు వచ్చెను; బారిస్టరు పట్టాతో బరంపురము చేరిరి.

డబ్లినున నేర్చిన పాఠము అక్కరకు వచ్చినది బెంగాల్ నాగపూర్ రైల్వేలో. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ పట్టాలే దుర్గు మీదుగా నాగపురమును కలకత్తాతో కలిపినవి. విజయనగర రాయపుర మార్గమును కూడ ఆ కంపెనీయే నిర్మించెను. కంపెనీ ఉద్యోగులను తొలగింపగా, ఆయన నెలకొల్పిన కార్మికసంఘము 1928లో శాంతియుతముగ సమ్మె సాగించి కోరికలు నెగ్గించుకొనెను. దుర్గులోని తెలుగువారు ఆయనను రాష్ట్రపతిగా తలచుకొందురు గాని, తాము పయనించు పట్టాలకు ఆయన సమ్మె చరిత్ర ఒకటి కలదని తలపరు.

తరువాత సింహళమున హైకమిషనరు పదవి. 1952లో నెహ్రూ గారి మంత్రివర్గమున కార్మికశాఖ. యజమానులును కార్మికులును ఎదురెదురుగా కూర్చుండి బేరమాడుకొనవలెనే గాని ప్రభుత్వము తీర్పరిగా నెత్తిన కూర్చుండరాదన్నది ఆయన మతము. బ్యాంకు ఉద్యోగుల వివాదమున ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా, 1954 ఆగస్టులో ఆయన రాజీనామా చేసెను. మంత్రిపదవిని అంతటి చులకనగా వదలుకొన్న ఆ ఘట్టమును నేను రాష్ట్రపతి పదవికన్న ఎక్కువగా లెక్కింతును.

పార్వతీపురపు ఓటమి పిదప ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరు పదవులు వరుసగా వచ్చినవి; 1967లో ఉపరాష్ట్రపతి పదవి. 1969 రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, కాంగ్రెసు అధికార అభ్యర్థియగు నీలం సంజీవరెడ్డి గారిని రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించిన మీదట 4,20,077కు 4,05,427గా ఓడించిరి. ఇరువురు తెలుగువారి నడుమ ఢిల్లీ గద్దెకై జరిగిన ఆ పోరున కాంగ్రెసు చీలెను. ఎన్నికను సవాలు చేసిన వ్యాజ్యమున రాష్ట్రపతియే స్వయముగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చెను.

ఆయన కుమారుడు శంకరగిరి 1971లో, నాడు దుర్గు కూడ అంతర్భాగమైయుండిన మధ్యప్రదేశ్‌లోని దమోహ్‌నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. కోడలు మోహినీగిరి 1995లో జాతీయ మహిళా కమిషను అధ్యక్షురాలయ్యెను. 1975లో భారతరత్న పొందిన గిరి గారు 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూసిరి.

బొబ్బిలి దాటి విజయనగరము చేరిన దుర్గు రైలు అచ్చట ప్రధానమార్గమున కలియును. ఒకవైపు విశాఖ, రెండవవైపు పట్టాలు బరంపురమునకు పోవును.